గీత లోపలి ఫారం

ఆ ఏడాది చలి తగ్గుముఖం పట్టాక తాడేపల్లిగూడెం వైపు కోళ్లు చనిపోవడం మొదలైంది. నేను పశుసంవర్ధక శాఖలో డాక్టర్ని, ఉండేది ఏలూరులో. మా నాన్నగారు ఇప్పటికీ పౌరోహిత్యం చేస్తారు. కొన్ని తిథుల్లో ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి లోపలికి రాని ఇల్లు మాది. ఆ ఇంట్లోంచి వచ్చిన నేను, ఏ ఊరి కోడి ఏ ఊరికి వెళ్లొచ్చో, ఏ బజారులో మాంసం కొట్టు తెరవొచ్చో కాగితాల మీద సంతకాలు పెట్టే పనిలో పడ్డాను.

"పంతులుగారూ, మీ అమ్మాయిగారు కోళ్ల డాక్టరు కదండీ, చికెన్ తినొచ్చో లేదో కనుక్కుని చెప్పండి" అని వ్రతం చేయించడానికి వెళ్లిన ఇళ్లల్లో కూడా నాన్నగారిని అడిగేవారట. ఆయన ఇంటికి రాగానే ఆ ప్రశ్న నాకు అప్పగించేవారు.

"బాగా ఉడికించి తింటే ఏమీ కాదని చెప్పండి నాన్నా."

"ఆ మాట నా నోటితో ఎలా చెప్పమంటావమ్మా?"

ఇద్దరం నవ్వుకున్నాం. భోపాల్ ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చిన తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. చనిపోయిన కోళ్లలో ఉన్నది బర్డ్ ఫ్లూయే.

ఆ రోజు నుంచి ఉదయాలు ఒక రకంగా, మధ్యాహ్నాలు ఒక రకంగా గడిచేవి. ఉదయం వీడియో కాన్ఫరెన్సు. విజయవాడ నుంచి ఒక పెద్ద అధికారి మాట్లాడేవారు. వైరస్ ఒక్క అడుగు కూడా బయటికి పోకూడదు. అలాగని బజారులో మాంసానికి, గుడ్లకి కరువు రాకూడదు, రేటు పెరగకూడదు. ఈ మూడూ ఒకే నోటితో చెప్పేవారు. స్క్రీను మీద చిన్న చిన్న గళ్లలో ఉన్న మేమంతా తలలూపేవాళ్లం. కాన్ఫరెన్సు అవకముందే నా ఫోను మోగడం మొదలయ్యేది. గుడ్లు రాలేదని హాస్టల్ వార్డెన్లు, పక్క జిల్లా నుంచి కోళ్లు తెచ్చుకోవడానికి పర్మిట్ ఇవ్వమని వ్యాపారులు, మండపం మాట్లాడుకున్నాం వంద మందికి ఏం పెట్టమంటారని పెళ్లివాళ్లు. గుండుగొలను దగ్గర హైవే మీద మావాళ్లు లారీలు ఆపి సర్టిఫికెట్లు చూసేవారు. ఎండెక్కే కొద్దీ లారీల్లో కోళ్లు వగరుస్తుంటే, వదలమంటారా వెనక్కి పంపమంటారా అని నన్నే అడిగేవారు. కైకలూరులో చేపలకి ఎప్పుడూ లేని గిరాకీ వచ్చిందని చెప్పుకునేవారు.

మధ్యాహ్నాలు చంపే పని.

నిబంధన ఏమిటంటే, జబ్బు బయటపడిన చోటు నుంచి చుట్టూ ఒక కిలోమీటరు గీత గీస్తారు. ఆ గీత లోపల ఉన్న ప్రతి కోడినీ, జబ్బు ఉన్నా లేకపోయినా, చంపి సున్నం వేసి పాతిపెట్టాలి. గీత బయట ఉన్నవాటి మీద నిఘా ఉంచుతారు. గీత ఫోనులో గీస్తారు. మొదట వెళ్లిన టీమ్ ఒక చోట నిలబడి పాయింటు పెడితే, దాని చుట్టూ ఎర్రటి వలయం దానంతట అదే వస్తుంది.

ఆ వలయం అంచున, కాలవ పక్కన, ఒక లేయర్ ఫారం ఉంది. మూడు షెడ్లు. గుడ్లు పెట్టే కోళ్లు. ఎర్రగీత సరిగ్గా వాటి మధ్యలోంచి పోయింది. ఒక షెడ్డు లోపల, రెండు బయట. కానీ ఫారంలో ఒక షెడ్డు లోపలికొస్తే ఫారం మొత్తం లోపల ఉన్నట్టే లెక్క.

మేం వెళ్లేసరికి గేటుకి తాళం వేసి ఉంది. నాతో టీమ్ వాళ్లు, వీఆర్వో, ఒక కానిస్టేబుల్ వచ్చారు. గేటు లోపల ఒకావిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటాయి. నేత చీర, చేతిలో తాళంచెవుల గుత్తి. ఆవిడే ఫారం యజమాని. భర్త పోయాక ఒక్కతే నడుపుతోందని వీఆర్వో దారిలోనే చెప్పారు. ఆవిడ వెనకాల ఫారంలో పనిచేసే అతను నిలబడ్డాడు.

"రండి డాక్టరుగారండీ. మీరొక్కరే అయితే తాళం తీస్తాను. వాళ్లందరూ అయితే తియ్యను" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు.

కానిస్టేబుల్ ఏదో అనబోతే నేను వద్దన్నాను. కిట్ తొడుక్కుని, బూట్లు మందునీళ్లలో ముంచి ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఆవిడ నా వెనకాలే మళ్లీ తాళం వేసింది.

షెడ్లలోకి తీసుకెళ్లింది. నేను ఎన్నో ఫారాలు చూశాను. జబ్బు ఉన్న షెడ్డుకి ఒక నిశ్శబ్దం ఉంటుంది. మేతా, నీళ్లూ అలాగే మిగిలిపోతాయి. ఇక్కడ అలా లేదు. కోళ్లు మెడలు చాచి నా మీద గోల చేశాయి. తురాయిలు ఎర్రగా ఉన్నాయి. గుడ్లు కేజ్‌ల ముందుకి దొర్లి వరసగా నిలిచి ఉన్నాయి.

"చూశారు కదండీ" అంది ఆవిడ. "వీటికి ఏం జబ్బుందని చంపుతారు?"

"జబ్బు కనపడకముందే లోపల ఉండొచ్చమ్మా. అందుకే..."

"మాది కొల్లేరండీ" అని నా మాటకి అడ్డం వచ్చింది. "పుట్టిల్లూ, అత్తిల్లూ లంక గ్రామాలే. చేపల చెరువుండేది మాకు. సరస్సుని కాపాడాలంటూ ఒకరోజు గవర్నమెంటువాళ్లు మిషన్లు తీసుకొచ్చి గట్లు కొట్టేశారు. ఎందుకండీ అంటే, ఐదో కాంటూరు లోపల ఉన్నారన్నారు. ఆ కాంటూరు అంటే ఏంటో మా ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. నీళ్లలో గీత ఎక్కడుంటుందండీ? చేపలు కాలవల్లోకి పోతుంటే గట్టు మీద నిలబడి చూశాం. ఆ తర్వాత మిగిలింది ఊడ్చుకుని ఇటొచ్చి ఈ కోళ్లు పెట్టుకున్నాం. ఇప్పుడు మళ్లీ గీతంటున్నారు."

ఫోను తీసి వలయాన్ని పెద్దది చేసి చూశాను. ఆవిడకి కూడా చూపించాను. ఆవిడ కళ్లద్దాలు తెప్పించుకుని, ఎండకి చెయ్యి అడ్డం పెట్టి, చాలాసేపు చూసింది.

"ఈ చుక్కేంటండీ?"

"జబ్బు వచ్చిన ఫారం. అక్కడి నుంచే కొలిచారు."

"అది వాళ్ల గేటండీ. రోడ్డు మీద గేటు. కోళ్లు పోయింది గేటులో కాదు కదా, వెనకాల చేల పక్కనున్న షెడ్డులో. మాకు దూరంగా ఉంటుందండీ అది."

అది నిజం. ఆ ఫారానికి నేనూ వెళ్లాను. చనిపోయిన కోళ్లున్న షెడ్డు గేటు నుంచి బాగా లోపలికి, ఇటు కాకుండా అటువైపు ఉంది. మొదటి రోజు వెళ్లినవాళ్లు గేటు దగ్గర ఆగి పాయింటు పెట్టి ఉంటారు. పాయింటు ఆ షెడ్డు మీదికి జరిపితే వలయం మొత్తం అటు జరుగుతుంది. అటువైపు వరిచేలూ, చేపల చెరువులూ తప్ప ఇంకొక ఫారం లేదు. ఇటువైపు ఈ మూడు షెడ్లూ గీత బయటికి వచ్చేస్తాయి.

షెడ్ల పక్కనున్న కాలవ గట్టు మీదికి వెళ్లి మా జేడీకి, అంటే జాయింట్ డైరెక్టర్‌గారికి, ఫోను చేశాను. రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న మనిషి. నిద్ర లేక గొంతు బొంగురుపోయింది. నేను చెప్పిందంతా విన్నారు.

"పాయింటు తప్పయితే మార్చొచ్చండీ" అన్నారు. "ఆర్డరు సవరించమని కలెక్టరుగారికి నేను రాస్తాను. కానీ ఒక్క విషయం. ఆ జబ్బు ఫారంతో ఈ ఫారానికి ఈమధ్య ఏ సంబంధమూ లేదని మీరు నాకు రాసివ్వాలి. మనుషులు, బళ్లు, మేత, ట్రేలు, ఏదీ అటు నుంచి ఇటు రాలేదని. సంబంధం ఉంటే గీతతో పనిలేదు. కిలోమీటరు అవతలున్నా తీసెయ్యాల్సిందే."

"కనుక్కుని చెప్తాను సార్."

"జాగ్రత్తగా కనుక్కోండి. రేపు ఇక్కడి నుంచి ఇంకో ఊరికి పాకిందంటే నన్నూ మిమ్మల్నీ అడగరు. మొత్తం జిల్లా కోడిని ఆపేస్తారు."

ఫోను పెట్టేశాక గట్టు మీద నుంచి కదల్లేకపోయాను. ఆ మూడు షెడ్లూ నిలబడాలని నాకు బలంగా అనిపించింది. కొద్ది రోజులుగా చేస్తున్న పనిలో ఒక్క చోటైనా చంపకుండా వెనక్కి తిరగాలని ఉంది. గేటు అవతల టీమ్ కుర్రాళ్లు చెట్టు నీడన మందు డ్రమ్ములు దించి నా వైపే చూస్తున్నారు. తిరిగి షెడ్ల వైపు నడుస్తుంటే మనసులో ప్రశ్న దానంతట అదే తయారైంది. 'అటు నుంచి మీకేమీ రాలేదు కదమ్మా?' అలా అడిగితే లేదనడం సులువు. అడిగేవాళ్లకి ఏం కావాలో ప్రశ్నలోనే ఉంటుంది.

షెడ్డు వరండాలో ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. అలా అడగలేదు.

"అమ్మా, పాయింటు మార్చే వీలుంది. జేడీగారు ఒప్పుకున్నారు. దానికి ముందు ఒకటి అడగాలి. ఈ పదిహేను రోజుల్లో ఆ ఫారం నుంచి మనుషులు గానీ, బండి గానీ, మేత గానీ, గుడ్ల ట్రేలు గానీ మీ దగ్గరికొచ్చాయా?"

"లేదండీ" అన్నాడు వెనకనున్న పనివాడు, నేను ప్రశ్న పూర్తిచేసీ చెయ్యకుండానే. "ఏమీ రాలేదండీ. వాళ్లకీ మాకూ రాకపోకల్లేవండీ."

ఆవిడ చేతిలో ఉన్న గుత్తిలో ఒక్కొక్క తాళంచెవినీ పక్కకి జరుపుతోంది. నేను ఆవిడ ముఖం వైపు చూడలేక కాలవ వైపు చూశాను. ఇంకొక్క నిమిషం అలా గడిస్తే, అతను చెప్పిన మాటే రాసుకుని గేటు వైపు నడిచేదాన్నేమో తెలియదు. ఆ అవసరం రాలేదు.

"వచ్చాయండీ" అంది.

పనివాడు "అమ్మగారూ" అన్నాడు.

"నువ్వుండు. ట్రేలు వచ్చాయండీ. గుడ్ల వ్యాపారి వ్యానులో వాళ్ల దగ్గర గుడ్లు ఎత్తుకుని మా దగ్గరికొచ్చాడు. మా దగ్గర ట్రేలు తక్కువైతే, వాళ్ల దగ్గర మిగిలిన అట్ట ట్రేలు దించి వెళ్లాడు. ఆ రేకుల షెడ్డులోనే వాడాం. వాళ్ల కోళ్లు పోవడం మొదలవ్వడానికి రెండు మూడు రోజుల ముందు."

"గుర్తుండే చెప్తున్నారామ్మా?" అని అడిగాను. ఎందుకలా అడిగానో నాకే తెలుసు.

"గుర్తుందండీ. ఒక అట్ట తడిసిపోయి ఉంటే వాణ్ణి తిట్టాను కూడా."

పనివాడు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఆవిడ అతనితోనే అన్నట్టు మెల్లగా చెప్పింది. "ఆ వ్యాను మన దగ్గర్నించి ఇంకా ముందుకెళ్లింది కదరా. మన గుడ్లూ ఆ ట్రేల్లోనే పెట్టి ఇచ్చాం, మిగిలిన ట్రేల కట్టలూ దాంట్లోనే ఉన్నాయి. అవి ఎవరింటికెళ్లాయో." తర్వాత నావైపు తిరిగింది. "వాణ్ణి పట్టుకుని అడగండి, ఎక్కడెక్కడ దించాడో. ముందది చూడండి."

అప్పటికప్పుడు వ్యాపారి ఫోను నెంబరు ఇచ్చింది. నేను జేడీగారికి చెప్పాను. "అయితే తప్పదండీ" అన్నారు ఆయన. "ఆవిడకి నా నమస్కారం చెప్పండి." సాయంత్రం లోపల ఇంకొక టీమ్ ఆ వ్యాను తిరిగిన చోట్లన్నీ చూసింది. ఒక చోట ట్రేలు ఇంకా విప్పని కట్టలుగానే దొరికాయి. వాటిని తగలబెట్టారు.

ఆవిడ గేటు తాళం తనే తీసింది. రెండే అడిగింది. మొదటిది, చంపే ముందు శాంపిల్స్ తీసి పంపాలని. గీత లోపల ఉన్నవాటికి మళ్లీ పరీక్ష అక్కర్లేదని నిబంధన. "అక్కర్లేదని తెలుసండీ. ఉందో లేదో నాకు తెలియాలి" అంది. నేను మూడు షెడ్ల నుంచీ స్వాబ్‌లు తీసి, విడివిడిగా గుర్తులు పెట్టి ఐస్ బాక్సులో సర్దాను. రెండోది, పని మొదలెట్టేలోగా కోళ్లకి నీళ్లు ఆపొద్దని.

ఆ మధ్యాహ్నం గురించి ఎక్కువ చెప్పను. టీమ్‌లో ఉన్నవాళ్లు అలవాటైన పనే మాట్లాడకుండా చేశారు. గొయ్యి తవ్వే మిషను కాలవ పక్కన మోగుతూనే ఉంది. నాకు మిగిలిపోయింది ఒకటే. ఒక షెడ్డు ఖాళీ అవుతుండగా పక్క షెడ్డులో కోళ్లు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. పెట్టిన గుడ్డు కేజ్ వాలు మీదుగా దొర్లి ముందుకొచ్చి ఆగేది. ఆవిడ అలవాటు కొద్దీ ఏరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. గుడ్లు కూడా గొయ్యిలోకే.

ఇంటికి వెళ్లేసరికి దీపాలు పెట్టే వేళ. పెరట్లో నాన్నగారు వేణ్ణీళ్లు పెట్టించి ఉంచారు. స్నానం చేసి వచ్చి అన్నం ముందు కూర్చుని ఊరికే కలుపుతున్నాను. "రేపు కూడా ఉందా?" అన్నారు. ఉందన్నాను. మజ్జిగ గ్లాసు నా వైపు జరిపారు.

రిపోర్టు వచ్చేదాకా నాకు స్థిమితం లేదు. జబ్బు లేదని వస్తే ఆవిడకి ఆ మాట ఎలా చెప్పాలి? నిజం చెప్పినందుకు బతికున్న కోళ్లని పోగొట్టుకుందని చెప్పాలి. ఉందని వచ్చినా ఆవిడకి తిరిగొచ్చేదేమీ లేదు. ఫోనులో చెప్పబుద్ధి కాక, కాగితం చేతికి రాగానే జీపు తీసుకుని వెళ్లాను.

ఫారంలో బ్లీచింగ్ వాసన. షెడ్ల పరదాలు పైకి కట్టేసి ఉన్నాయి. ఆవిడ వరండాలో ఖాళీ మేత తొట్లు రుద్దుతోంది.

"రెండు షెడ్లలో లేదమ్మా" అన్నాను. "రేకుల షెడ్డులో ఉంది."

ఆవిడ తొట్టి కింద పెట్టింది. "ట్రేలు దించిన షెడ్డులో?"

"అవును."

మెట్టు మీద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. చంపిన రోజున ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. "ఊరికే పోలేదన్నమాటండీ అవి" అంది కొంతసేపటికి. "ఊరికే చంపించానేమోనని రోజూ అనుకుంటున్నానండీ."

జబ్బు అక్కడితో ఆగింది. ఆ ఫారం అవతలికి వెళ్లలేదు. కొన్ని వారాలకి కొట్లు తెరిచారు. నేను పర్మిట్లు ఇస్తూ ఇస్తూ పక్క జిల్లాల కోళ్లతో ఏలూరు బజారు నింపాను. హాస్టళ్లకి గుడ్లు వచ్చాయి. ప్రభుత్వ పరిహారం ఆలస్యంగానైనా వచ్చింది. అయితే ఖాళీ చేసిన ఫారాల్లో మళ్లీ కోళ్లు పెట్టడానికి నెలలు ఆగాలి. కడగాలి, ఎండబెట్టాలి, పరీక్షలు చేయాలి, మళ్లీ కడగాలి. ఈలోగా బజారు ఇతరులది అయిపోతుందని రైతుల భయం.

ఆ భయానికి తోడు ఇంకో వదంతి పుట్టింది. విదేశాల నుంచి ఫ్రోజెన్ కోడికాళ్లు కోటా పెట్టి తక్కువ సుంకంతో రానిస్తారట. అక్కడివాళ్లు ఛాతీ మాంసం తిని కాళ్లు వదిలేస్తారట, అవి ఇక్కడ చవగ్గా అమ్ముతారట. తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణ మండపంలో రైతుల సమావేశం పెట్టినప్పుడు అందరి నోటా అదే మాట. వీడియో కాన్ఫరెన్సులో చూసిన పెద్ద అధికారి స్వయంగా వచ్చారు. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. లోపల ఉక్క, పంకాల చప్పుడు, వెనక వరసల్లో అప్పటికే గొడవ.

"అలాంటి నిర్ణయమేదీ నా దృష్టికి రాలేదు" అన్నారు ఆయన. "ఒకవేళ వచ్చినా కోటా అంటే తలుపులు బార్లా తెరవడం కాదు. ఇంత అని కొలిచి వదలడం. ఇక్కడ కొరత వస్తే జనం ఏం తింటారు? మీ సరుకు తగ్గినప్పుడు ప్రభుత్వం ఏదో ఒకటి ఆలోచించాలి కదా?"

"మా సరుకు తగ్గించింది మీరేగా" అని ఎవరో అరిచారు. కుర్చీలు కదిలాయి. ఒకాయన మైకు లాక్కోబోయాడు. తలుపు దగ్గరున్న కానిస్టేబుళ్లు లోపలికి రెండడుగులు వేశారు. ఒక్క మాట తేడా వస్తే చెయ్యి లేస్తుంది.

ఆడవాళ్ల వరసలోంచి ఆవిడ లేచింది. నన్ను చూసినట్టు కూడా లేదు. ముందు వెనకవాళ్ల వైపు తిరిగి, "కూర్చోండయ్యా, నేనొక్కటి అడుగుతాను" అంది. ఆవిడ సంగతి అప్పటికి అందరికీ తెలుసు. కూర్చున్నారు.

"ఏవండీ, నాకు కోటాలవీ తెలీవండీ. మా దగ్గరికి డాక్టరుగారొచ్చి, ఎక్కడి నుంచి ఏం వచ్చిందో చెప్పమన్నారు. చెప్పాను. చెప్పినందుకు మొత్తం పోయాయి. ఆ కాళ్లు వచ్చే దేశంలో కూడా ఇలాగే గేటు దాకా వెళ్లి అడిగేవాళ్లుంటారాండీ? అడిగితే వాళ్లు చెప్తారాండీ?"

అధికారి మైకు సరిచేసుకున్నారు. సర్టిఫికెట్లు ఉంటాయని, ఓడరేవులో పరీక్షలు ఉంటాయని వివరించారు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "కాగితం సంగతి కాదండీ నేనడిగింది" అని కూర్చుంది. ఆయన, "మీరు చెప్పింది పైకి రాస్తానమ్మా" అన్నారు. రాశారో లేదో నాకు తెలియదు. సమావేశం మాత్రం గొడవ లేకుండా ముగిసింది. ఆ కోటా మాట ఇప్పటికీ మధ్యమధ్య పేపర్లో వస్తూ, పోతూ ఉంది.

వానాకాలం దాటాక ఆవిడ ఫారానికి అనుమతి వచ్చింది. మూడు షెడ్లు నింపే స్తోమత లేక ఒక్క దాన్లోనే పెట్టింది. పిల్లకోళ్ల బండి వచ్చిన రోజు పరీక్ష చెయ్యడానికి నేను వెళ్లాలి. వేరే ఏ ఫారానికీ పోకుండా నేరుగా ఇంటి నుంచే వెళ్లాను. బండి చక్రాలకి మందు కొట్టించేదాకా ఆవిడ గేటు తియ్యలేదు. డ్రైవరు విసుక్కున్నాడు. "విసుక్కో నాయనా, ఫర్వాలేదు" అంది.

దించడం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. నాకోసం కొత్త గిన్నెలో పప్పు, బెండకాయ వేపుడు చేయించి ఉంచింది. వద్దనలేక వరండాలో ఆవిడతో పాటే కూర్చుని తిన్నాను. ఇద్దరి చెవులూ షెడ్డు వైపే ఉన్నాయి. కొత్త చోటు కదా, కోళ్లు బిక్కచచ్చి ఒక్క కూత కూడా కుయ్యకుండా ఉన్నాయి. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. ఆవిడకీ నచ్చలేదని తెలుస్తూనే ఉంది. అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోతోంది.

కొంతసేపటికి నీళ్ల పైపుల దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత చాలా.

"తాగుతున్నాయండీ" అంది ఆవిడ. లేచి వెళ్లి చూసి వచ్చి, నాకు మజ్జిగ వడ్డించింది.